ఉత్తరాలు తిప్పిపంపే మంత్రిగారు

మా విదేశాంగ మంత్రి మీర్‌గారికి ఒకటే పిచ్చి. ఏ ఉత్తరం వచ్చినా ఎర్ర పెన్సిలుతో తప్పులు దిద్ది, వచ్చినచోటికే తిప్పిపంపేవారు. చేపలు తెమ్మని భార్య రాసిచ్చిన చీటీని కూడా అలాగే పంపారు. ఆ పూట వాళ్లింట్లో ఉత్త బంగాళాదుంపలే గతి.

మా నార్వేలో భాష ఒకటే, రాతలు రెండు. 'మేము' అనాలంటే పట్నం రాతలో 'వీ', పల్లె రాతలో 'మే'. రెండూ కలిపి రాస్తే మీర్‌గారి కళ్లలో కారం కొట్టినట్టే. టైపిస్టు ఓస్లౌగ్‌ని నేను; ఆయన దగ్గర టైపు చేసీ చేసీ నా వేళ్లు అరిగిపోయాయి.

1940 మార్చిలో మాకు దక్షిణాన ఉన్న పెద్ద దేశం రాయబారి బూట్లు టకటకలాడిస్తూ వచ్చాడు. వాళ్ల దేశం నుంచి పారిపోయి వచ్చి ఓస్లోలో తలదాచుకున్న పదకొండుమందిని, ఉత్తరం పుచ్చుకున్న ఇరవైనాలుగు గంటల్లో అప్పగించాలట. లేకపోతే యుద్ధ ఓడలొస్తాయట.

మీర్‌గారు మాత్రం తాపీగా కళ్లజోడు తుడుచుకున్నారు.

"మూడో వాక్యంలో 'వీ', ఐదో వాక్యంలో 'మే'. ఏమిటండీ ఈ కలగాపులగం? పుచ్చుకోను."

"అర్థమైందిగా!"

"అర్థమైంది. పుచ్చుకోలేదు."

రాయబారి దిద్దించి తెచ్చాడు. ఈసారి కామా తప్పు. మళ్లీ తెచ్చాడు. ఇప్పుడు మీర్‌గారి అభ్యంతరం, అంతా పట్నం రాతేనట, పల్లెవాళ్లు నొచ్చుకుంటారట, రెండో ప్రతి కావాలట. ఇలా ఆరు రోజులు!

"కొంప మునుగుతుంటే మీకు కామాలు కావలసొచ్చాయా?" అని ఉండబట్టలేక కసిరాను.

"కామా దగ్గర కాసేపు ఆగాలి ఓస్లౌగ్. ఆగనీవమ్మా వాళ్లని," అన్నారు పెన్సిలు చెక్కుకుంటూ.

ఏడో రోజు ఉత్తరంలో ఒక్క తప్పూ లేదు. మీర్‌గారు బుద్ధిగా పుచ్చుకున్నారు. అయిపోయింది అనుకున్నాను. రెండు రాతల్లోనూ జవాబు కొట్టమన్నారు: 'మీరడిగినవాళ్లు మా దేశంలో లేరు.'

నిజంగానే లేరు. వాళ్ల కోసం మీర్‌గారు ఎదురుచూస్తున్న వీసాలు ముందురోజే వచ్చాయి. పదకొండుమందీ స్వీడన్ రైలెక్కేశారు. ఇన్నాళ్లూ ఆయన్ని చాదస్తుడని తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది.

వారానికి వాళ్ల దగ్గర్నుంచి కార్డు వచ్చింది. 'వీ క్షేమం, మే క్షేమం' అంటూ మూడు వరుసల్లో ఏడు తప్పులు. మీర్‌గారు పెన్సిలు ఎత్తి, మళ్లీ దించేశారు.

"దిద్దరా?"

"దిద్దితే తిప్పిపంపాలి కదమ్మా. వీళ్లవేవీ తిప్పిపంపను."

ఏప్రిల్లో ఓడలు రానే వచ్చాయి. మేమంతా ఉత్తరాదికి పరుగులు తీశాం. ఆ హడావిడిలో మీర్‌గారు ఫైళ్లన్నీ మరిచిపోయారు. ఆ కార్డు మాత్రం కోటు జేబులో భద్రంగా ఉంది, ఏడు తప్పులతో సహా.