అత్త పాతిపెట్టిన రిజిస్టరు

ఈ మధ్యాహ్నం కర్నూలులో మా ఆఫీసు డేటాబేసు ఉన్నట్టుండి పాడైంది. నిన్న తీసిపెట్టుకున్న నకలుతో అరగంటలో బాగుచేశాను. అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం కమలాపురం దగ్గరి మా ఊళ్ళో చర్చి సమాధుల రిజిస్టరు చూసుకునే మేనత్త గుర్తొచ్చింది.

అక్కడ సమాధుల నాపరాళ్ళ మీద నంబర్లే తప్ప పేర్లుండవు. ఏ నంబరు కింద ఎవరున్నారో చెప్పేది అత్త దగ్గరున్న ఆ పుస్తకం ఒక్కటే. కొత్తగా చదువుకొచ్చిన ఉత్సాహంలో దాన్నంతా కంప్యూటర్లోకి ఎక్కించాను. మనుషులకొక పట్టిక, సమాధులకొక పట్టిక, ఎవరిది ఏదో కలిపి చెప్పడానికి ఇంకొకటి. "కంప్యూటర్లోకి ఎక్కె గదప్పా, చెదలు పట్టిన పుస్తకం ఇంకెందుకు?" అంది అత్త. చినిగిన బైబిలును మావాళ్ళు చెత్తలో వేయరు, ప్రార్థన చేసి మట్టిలో పెడతారు. రిజిస్టరుకూ అదే మర్యాద జరిగింది. నేనూ తలవంచుకుని ఆమేన్ అన్నాను. ఏటా అందరూ వచ్చి తమవాళ్ళ రాళ్ళకు సున్నం కొట్టే సమాధుల పండుగ వారం ఉందనగా కరెంటు పోతూ వస్తూ ఆ కలిపే పట్టికను కాస్తా పాడుచేసింది. పేర్లున్నాయి, నంబర్లున్నాయి, ఎవరిది ఏదో మాత్రం లేదు. నకలు కూడా అదే డిస్కులో పెట్టుకున్న తెలివి నాది. గుంత తవ్వితే చెదలు తినగా మిగిలిన అట్ట దొరికింది. సిగ్గుతో చచ్చిపోయాను.

పండుగకు బద్వేలు నుంచి ఏటా ఒక ముసలమ్మ వచ్చేది. ఆమె నెలల బిడ్డను పాతిపెట్టింది అక్కడే. ఆ ఏడు ఆమెకు చూపు ఆనడం లేదు. "నా బిడ్డ యాడుండాదో నువ్వే చూపీప్పా" అని నా చెయ్యి పట్టుకుంది. ఆమెను అత్త దగ్గరికి నడిపించుకెళ్ళాను.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. సున్నం బకెట్లతో వచ్చిన వాళ్ళందరినీ వరసల్లో నిలబెట్టి, "మీది మీకు తెల్సు. మీ పక్కన ఏటా సున్నం కొట్టేది ఎవురో గూడా చెప్పండి" అంది. రానివాళ్ళ రాళ్ళను పక్కవాళ్ళు చెప్పారు. నేను పేర్ల జాబితా కాగితంలో ఒక్కొక్క పేరు పక్కనే నంబరు రాసుకుంటూ పోయాను. పొద్దు వాలేసరికి గోడవారన విడిగా ఒక చిన్న రాయి, నా కాగితంలో ఒక పేరు మిగిలాయి. అత్త ముసలమ్మ చేతిని తీసుకెళ్ళి ఆ రాయి మీద పెట్టింది. "అందరివీ తేలినాయి. ఇది నీ బిడ్డేనమ్మా." ఆమె రాయంతా తడిమి తడిమి చూసుకుని, సున్నం అడిగింది. నేను ఏడ్చేశాను.

ఇప్పుడు ఆ వివరాలకు మూడు చోట్ల మూడు నకళ్ళు ఉంచాను. పక్క సమాధి ఎవరిదో నోటితో చెప్పగలిగినవాళ్ళు మాత్రం, మా అత్తతో సహా, ఒక్కొక్కరే వెళ్ళి ఆ వరసల్లోనే పడుకున్నారు.