పత్తి చేన్లో బెండాకులు

మునగాల మట్టిలో పుట్టి, కోదాడను కుదిపేసి, మిర్యాలగూడ దాకా మంటలు పాకించిన ఒక మహా విషాదగాథ చెప్పబోతున్నాను. అంటే, మా ఎకరం పత్తి గురించి. కుదిపింది కోదాడ బస్సు. మంట పాకింది ఫోన్లో.

మునగాలలోని మా పొలంలో ఆ ఏడు వరి మాన్పించి పత్తి పెట్టించింది అమ్మ. "నీకు పత్తి అచ్చిరాదు వదినా," అని చిన్నాయన ముందే తీర్పు చెప్పాడు. ఆయనది మిర్యాలగూడ పక్కన వేములపల్లి. వరి తప్ప మరో మొక్కను మొక్కగా గుర్తించడు. అయినా పత్తికి పేనుబంక పురుగు పట్టిందని తెలిసి తన స్ప్రే ట్యాంకుతో వచ్చాడు. తనే మందు కొట్టి, ట్యాంకు మా ఇంట్లో మరచిపోయి వెళ్లాడు.

వారం తిరగకముందే పత్తి ఆకులు సన్నగా చీలి బెండాకుల్లా తయారయ్యాయి. కొసలు మెలికలు తిరిగాయి.

"కండ్లు పడ్డయి రా. మిరపకాయలు తిప్పాలె," అంది అమ్మ.

"ఎకరానికి ఎన్ని తిప్పుతవమ్మా? బస్తా కావాలె."

"నీకు నవ్వులాటగనే ఉంటది. చేను పోతే మీ చిన్నాయన నేను సచ్చేదాక అంటనే ఉంటడు."

అదీ అసలు భయం. దున్నేయాలా, ఆగాలా? నేను సూర్యాపేటలో డిగ్రీ, బాటనీ. అంటే ఇంట్లో చెట్లకు నేనే డాక్టర్ని. ఒక ఆకును టిఫిన్ డబ్బాలో పెట్టుకుని కోదాడ మందుల షాపుకు పోయాను.

"ఎదుగుదల లేదండీ. టానిక్ కొట్టండి, అదే లేస్తుంది," అన్నాడు షాపాయన, డబ్బాలోకి చూడకుండానే.

నాకు మాత్రం ఎదుగుదల ఎక్కువైనట్టే కనిపించింది. ఇంటికొచ్చి ట్యాంకు మూత తీస్తే గుప్పున కలుపును చంపే గడ్డిమందు వాసన. ఫోన్ చేశాను.

"చిన్నాయనా, గీ ట్యాంకుతోని అంతకుముందు ఏం కొట్టినవ్?"

"వరిల గడ్డిమందు. అయితేంది? కడిగిన గదా."

"ఎట్ల కడిగినవ్?"

"కాల్వల ముంచి తీసిన."

"అది కడుగుడు గాదు, తానం."

మొక్క కొసలో ఆక్సిన్ అనే హార్మోన్ చిటికెడులో చిటికెడు తయారవుతుంది. ఏ కణం ఎంత సాగాలో, కాండం ఎటు వంగాలో దాని చేతిలో ఉంటుంది. చిన్నాయన కొట్టిన గడ్డిమందు దానికి నకలు. వరి దాన్ని పట్టించుకోదు. పత్తికి మాత్రం నలువైపులా నిలబడి "పెరుగు, పెరుగు" అని ఒకేసారి అరిచినట్టు. ఎటు పెరగాలో తెలియక మెలి తిరిగిపోతుంది. పోటీ పరీక్షల సంగతేంటని రోజూ ఎవరో ఒకరు అడిగే ఇంట్లో ఉంటాను కాబట్టి, నాకిది పుస్తకం తెరవకుండానే అర్థమైంది.

ట్యాంకులో మిగిలి పత్తి మీద పడింది కొంచెమే, కొత్త ఆకు వచ్చేదాకా దున్నొద్దు అన్నాను అమ్మతో. అన్నాక నాకే కాలు నిలవలేదు. కాలేజీకి పోయేముందు చేనుకు, వచ్చాక మళ్లీ చేనుకు. బస్సెక్కితే దిగాలనిపించేది, చేన్లో నిలబడితే పోవాలనిపించేది.

ఒక పొద్దున కొసలో కొత్త ఆకు వెడల్పుగా విచ్చుకుంది. అచ్చం పత్తాకు. పక్క మొక్కకూ అంతే. అమ్మ వంగి దాన్ని వేళ్లతో పరిచి చూసింది. ఏడుస్తుందేమోనని నేను మొహం తిప్పుకున్నాను.

"సూసినవా," అంది. "మొన్న నువ్వు కాలేజీకి పోయినంక మిరపకాయలు తిప్పిన."

"చేనంతనా?"

"గట్టు మీద నిలబడి తిప్పిన. సాలదా?"

ఈ మహా విషాదగాథలో నీతి ఒక్కటే: గడ్డిమందుకు ఒక ట్యాంకు, పురుగుమందుకు ఇంకో ట్యాంకు ఉంచుకోవాలి.