ఎండలో అచ్చయిన మల్లెలు

మా పెదనాన్న కూతురు చారులత, మేముండే తమిళ ఊరు పీలమేడులో, ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. బావ పోయినప్పటి నుంచి తలలో పూలు పెట్టుకోలేదు. పెట్టుకోనివ్వలేదు అనాలి. మోటారు పంపులు చేసి దేశమంతా అమ్మే మావాళ్ళు ఈ ఒక్క పిచ్చిని మాత్రం వదల్లేదు.

అయినా అక్క రోజూ మల్లెలు కొనేది. కాగితానికి ఎండ తగిలితే నీలమయ్యే మందు పూసి, చీకటి గదిలో ఆరబెట్టి, దాని మీద పూలు పరిచి, పైన అద్దం పెట్టి మేడమీద ఎండలో ఉంచేది. తర్వాత నీళ్ళలో కడిగితే కాగితమంతా ముదురు నీలం, పూలున్న చోట మాత్రం తెలుపు. కెమెరాతో పనే లేదు. వాటిని చూస్తున్నంతసేపూ ఆమె మొహం తేటగా ఉండేది.

అక్క తమ్ముడు రాజ్‌మోహన్ కూతురు ఆనందికి పెండ్లి కుదిరింది. "వేదిక వెనక నీ పూలే ఉండాల అత్తా" అని ఆ పిల్ల పట్టుబట్టింది. అక్క సెలవులన్నీ మేడమీదే గడిపింది.

"నేను ముందర నిలబడకూడదు, సరి. నా పూలన్నా నిలబడనీ" అంది నాతో.

పెండ్లినాడు పొద్దున్నే, పటాలు కట్టించిన ఆ నీలం కాగితాలను వేదిక వెనక తగిలించాం. రాజ్‌మోహన్ అత్తగారు రంగనాయకి వాటిని తడిమి చూసి మురిసిపోయి, ఎవరు చేశారని అడిగింది. చెప్పగానే ఆ వేళ్ళను కొంగుకు తుడుచుకుంది.

"ముహూర్తానికి ఆ చెయ్యి తగిలిన పూలా? వేండాం, తీసేయండి."

రాజ్‌మోహన్ అక్క దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "కోపించుకోవద్దక్కా. ముహూర్తం వరకే. సాయంకాలం రిసెప్షన్‌కు మళ్ళీ తగిలిస్తాం." వరమిచ్చినట్టు చెప్పాడు, సిగ్గులేనివాడు. పటాలన్నీ తీసుకెళ్ళి సామాన్ల గదిలో చెప్పుల పక్కన పెట్టించాడు.

అన్నట్టే సాయంకాలం తగిలించారు. జనం వాటి ముందు సెల్ఫీలు దిగారు. రంగనాయకి కూడా పళ్ళికిలించుకుంటూ నిలబడింది. ఛీ! పొద్దున అపశకునం, సాయంకాలానికి అలంకారం. ఇంత రోత నేనెక్కడా చూడలేదు.

అక్క భోజనాల హాల్లోంచి వచ్చింది. నేరుగా వేదికెక్కి ఒక్కో పటం దించసాగింది.

"అక్కా, అందరూ చూస్తుండారు" అని రాజ్‌మోహన్ పళ్ళు నూరాడు.

"చూడనీ. పొద్దున పనికిరానిది ఇప్పుడెట్ల మంచిదయ్యె?"

పైవరస పటాలు అక్కకు అందలేదు. మునివేళ్ళ మీద లేచినా అందలేదు. నేను స్టూలు కోసం వెతుకుతుండగా, పెండ్లికొడుకు పక్కనుంచి ఆనంది లేచి వచ్చింది. తండ్రి వద్దంటున్నా ఆగకుండా, పైవాటిని తానే దించి అత్త చేతికిచ్చింది.

"పొద్దున వీళ్ళు తీసేస్తుంటే నేనూ ఊరకే కూర్చుంటిని అత్తా" అంది.

అక్క ఆ పటాలను అందుకుని మిగతావాటి మీద పేర్చుకుని, గుమ్మం వైపు నడిచింది.