గంగులక్క జపాను క్లాసు

మా గంగులక్కకు ఉన్నది ఒకటే జబ్బు. ఏ ఊళ్ళో కాలు పెట్టినా అక్కడివాళ్ళ చేతిపని ఏదో ఒకటి నేర్చుకోందే వెనక్కి రాదు. నేర్చుకుని ఊరుకుంటే బాగుండును. తిరిగొచ్చి మా అందరికీ నేర్పేదాకా ఆమెకు నిద్ర పట్టదు. "పోయినాం, వచ్చినాం అంటే ఎట్లబ్బా? ఏదన్నా నేర్చుకోని రావాల" అనేది.

కువైత్‌లో సల్వా ప్రాంతంలో ఒక ఇంట్లో ఆమె వంటమనిషి, నేను డ్రైవరు. ఆమెది రాజంపేట పక్క పల్లె, మాది రాయచోటి. ఇంటి యజమానిని బాబా అని, యజమానురాలిని మామా అని అందరిలాగే మేమూ అనేవాళ్ళం. ఎండాకాలంలో మామావాళ్ళు ఏ దేశం పోయినా పిల్లల్ని చూసుకోవడానికి గంగులక్కను వెంట తీసుకుపోయేవాళ్ళు. ఆమె తిరిగొస్తోందంటే నా గుండెల్లో రాయి పడేది. ఒకసారి లండన్ హోటల్లో గదులు సర్దే అమ్మాయి దగ్గర తువ్వాళ్ళను బాతుల్లా మడవడం నేర్చుకొచ్చింది. ఇక ఆ ఇంట్లో మామూలు తువ్వాలన్నది లేకుండా పోయింది. మామా భర్త రోజూ పొద్దున్నే ఒక బాతు మెడ విప్పితే గాని ముఖం తుడుచుకోలేకపోయేవాడు.

ఇరాక్ సైన్యం కువైత్ మీద పడడానికి ముందు ఏడాది జపాను పోయారు. అక్కడికి వచ్చిన యాత్రికులకు క్లాసులు పెడతారట. పొద్దున కుంచెతో అక్షరాలు రాయడం, మధ్యాహ్నం నూడుల్స్ చేయడం. మామా తన కూతుళ్ళిద్దరినీ చేర్పించింది. పిల్లలకు కాసేపట్లోనే విసుగొచ్చింది. సంచులు మోయడానికి వెళ్ళిన గంగులక్క సంచులు కింద పెట్టి, పిల్లలు లేచిన చోట తాను కూర్చుంది.

"పంతులుకు తెలుగు రాదు, నాకు జపాను రాదు. కుంచె వంకరపోతే మణికట్టు మీద టక్కున కొట్టేటోడు. అంతే, వచ్చేసె" అని నాకు చెప్పింది.

నిజానికి గంగులక్కకు తెలుగులో ఓనమాలు రావు. ఎక్కడైనా వేలిముద్రే. జపాను నుంచి వచ్చాక మాత్రం ఆ దేశంలో ఉండేందుకు ఇచ్చే ఇఖామా కాగితం మీద వేలిముద్ర వేయనని మొండికేసింది. "నాకు రాత వచ్చు" అంటూ కొంగులోంచి కుంచె తీసి పెద్ద జపాను అక్షరం ఒకటి గీసింది. గుమాస్తా కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి నా ముఖం చూశాడు. నేను గోడ చూశాను. ఆ అక్షరానికి 'నీళ్ళు' అని అర్థమట. ఆమెకు వచ్చింది అదొక్కటే. అందుకని మా వంటింట్లో ఉప్పు డబ్బా మీద, చక్కెర డబ్బా మీద, నూనె డబ్బా మీద, అన్నింటి మీదా నీళ్ళనే రాసి పెట్టింది.

నూడుల్స్ సంగతి అంతకన్నా ఘోరం. పిండిలో ఉప్పునీళ్ళు కలిపి, ముద్దచేసి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి కాళ్ళతో తొక్కాలట.

"తినే పిండిని తొక్కుతారా అక్కా! తప్పు గదా?"

"అందుకే గదరా సంచిలో పెట్టేది. ముందు కాళ్ళు కడుక్కున్యావా?"

ఆ ప్రశ్న విని విని మాకు పాతబడిపోయింది. వంటింటి గడప దగ్గర నిలబడి, తోటమాలి వచ్చినా పాలవాడు వచ్చినా అదే అడిగేది. మామా కూడా నవ్వుకుంటూ ఆ తెలుగు మాటను నోట్లోనే అనుకునేది.

ఇంతలో 1990 ఆగస్టు వచ్చింది, ఇరాక్ సైన్యం కువైత్‌లోకి వచ్చి పడింది. మామా భర్త, పిల్లలు అప్పటికి కైరోలో ఉన్నారు. గంగులక్కతో వెనకాల పోవాల్సిన మామా ఒక్కతే చిక్కుకుపోయింది. మా వీధిలో సైనికులు ఇళ్ళలోకి దూరుతున్నారని తెలియగానే ఆమెను కారు వెనక సీట్లో పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పి, హవల్లీలో మా ఊరి హమీదా బీ ఫ్లాటుకు తీసుకుపోయాను. "అక్కా, చాలా ముఖ్యమైనవే తెచ్చుకో" అని గంగులక్కకు చెప్పాను. ఆమె పిండి బస్తా, అప్పడాల కర్ర, కుంచె తెచ్చుకుంది.

హమీదా బీ బట్టలు కుట్టేది. మామాకు తన చీర కట్టి, నిండా పిన్నులు గుచ్చి, రాయచోటి నుంచి వచ్చిన తన మరదలని బిల్డింగంతా చెప్పింది. దాక్కున్న కువైతీల కోసం సైనికులు ఇల్లిల్లూ వెతుకుతున్నారు. మామా నోరు తెరిస్తే ఆమె అరబ్బీ ఆమెను పట్టిస్తుంది. దొరికితే ఏం చేస్తారో తలుచుకోవాలన్నా మాకు భయమే. ఆమె మూల కూర్చుని ఏడుస్తూ ఉండేది.

అలాంటి ఇంట్లో, వీధిలో ట్యాంకులు తిరుగుతుంటే, గంగులక్క క్లాసు తెరిచింది.

"యల్లా, అందరూ రాండి! ఊరికే కూచోని భయపడితే ఏమొస్తాది? నూడుల్స్ వస్తాయా?"

పక్క గదిలో ఉండే తాపీ మేస్త్రీ ఓబులేసు అడ్డం తిరిగాడు. "అమ్మా, అన్నాన్ని తొక్కితే కళ్ళు పోతాయి. మా నాయన సంపుతాడు."

"మీ నాయన పుల్లంపేటలో ఉండాడు. ఇది పిండి. ఉడికినాకనే అన్నం. కాళ్ళు కడుక్కున్యావా?"

ఓబులేసు కడుక్కున్నాడు. పిండి సంచి మీద రెండడుగులు వేసి, జారి, హమీదా బీ కుట్టుమిషను మీద పడ్డాడు. మామా ఆ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూసి మాకు ప్రాణం లేచొచ్చింది.

గంగులక్క మాత్రం మామాను నవ్వనిచ్చి వదల్లేదు. పిండి తొక్కించింది, పిసికించింది, కర్రతో వత్తించింది. ఆపైన, గ్యాసు దొరక్క పెట్టుకున్న కట్టెల పొయ్యి బూడిదతో గిన్నెలన్నీ తోమించింది. సాయంత్రం పొయ్యి మసిలో జిగురు కలిపి సిరా చేయించి, కుంచె ఇచ్చి పాత పేపర్ల మీద నీళ్ళు, నీళ్ళు, నీళ్ళు అని రాయించింది. మసి గోళ్ళలోకి దిగింది. "కడగొద్దు మామా, రేపు మళ్ళా ఉండాది" అనేది. మాలో ఎవరినీ అంతగా సతాయించలేదు. గ్లాసుడు నీళ్ళు కూడా తనే ముంచుకుని ఎరగని మనిషి చేతులు పగిలి, ఎర్రబడ్డాయి.

నాకు ఒళ్ళు మండింది. "ఏందక్కా ఇది? అన్నం పెట్టిన మామా. ఇన్నేళ్ళు ఆమె చెప్పిన పనికి ఇప్పుడు కసి తీర్చుకుంటాండావా?"

"క్లాసులో మామా లేదు, బాబా లేదు. నువ్వు పోయి కాళ్ళు కడుక్కోపో."

ఒక మధ్యాహ్నం అందరం పిండి తొక్కుతుండగా తలుపు దబదబా మోగింది. తెరిస్తే తుపాకులతో సైనికులు. ముందున్న మీసాల మనిషి గదంతా చూసి, "కువైతీలు ఎవరైనా ఉన్నారా?" అని అరిచాడు.

"అందరూ హిందీ సార్, ఇండియా పనోళ్ళే" అన్నాను వచ్చీరాని అరబ్బీలో.

"పనివాళ్ళా? చేతులు చూపించండి."

వరసగా చూపించాం. మీసాలాయన మామా దగ్గర ఆగాడు. పిండి అంటిన మోచేతులు, పగుళ్ళు, గోళ్ళలో మసి. తిప్పి తిప్పి చూశాడు. "నీ పేరేమిటి?" అని అడిగాడు.

మామా అతని ముఖంలోకి చూసింది. అక్కడి నుంచి చూపు దించి అతని బూట్ల వైపు చూసింది. తనకు వచ్చిన ఒకే ఒక్క తెలుగు వాక్యాన్ని అచ్చం గంగులక్క గొంతుతో గద్దించింది.

"కాళ్ళు కడుక్కున్యావా?"

"ఏమంటోంది?" అన్నాడతను.

గంగులక్క అరబ్బీలో అందుకుంది. "తిండి దగ్గరికి బూట్లతో వచ్చినావని కోప్పడతాంది సార్. దానికి కొంచెం నోరెక్కువ. నూడుల్స్ తింటావా?"

అతను బూట్ల వైపు చూసుకున్నాడు, పిండి సంచి మీద నిలబడ్డ ఓబులేసును చూశాడు, పకపకా నవ్వాడు. వాళ్ళు ఆకలి మీద ఉన్నట్టున్నారు. బూట్లు విప్పి గడప దగ్గర పెట్టి, తలా గిన్నెడు తిని, "ఖలాస్" అంటూ వెళ్ళిపోయారు.

తలుపు మూశాక గంగులక్కను అడిగాను. "చేతులు చూస్తారని నీకెట్ల తెలుసక్కా?"

"నన్ను పనిలో పెట్టుకునేటప్పుడు మామావాళ్ళత్త మొదట చూసింది నా చేతులే గదరా. ముఖానికైతే కొంగు కప్పుకోవచ్చు. చేతులకు ఏం కప్పుతాం?"

కసి అన్న నా నోటిని ఏం చేయాలో తెలియలేదు. ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది. మామా గంగులక్క భుజం మీద తల పెట్టుకుని నవ్వుతూనే ఉంది.

"ఏందట్ల జూస్తాండావు? పిండి ఆరిపోతాంది, తొక్కు" అంది గంగులక్క నాతో.

కొన్నాళ్ళకు మామా బంధువుల కారులో సౌదీకి దాటిపోయింది. మేము జోర్డాన్ మీదుగా మా ఊళ్ళు చేరుకున్నాం. యుద్ధం ముగిశాక మామా కబురు పంపితే నేనూ గంగులక్కా మళ్ళీ సల్వాకు వెళ్ళాం. ఇల్లు సగం కాలిపోయి ఉంది. వంటింటి బయటి గోడకు మాత్రం కొత్తగా సున్నం వేసి, దాని మీద నల్లటి అక్షరం ఒకటి పెద్దగా రాశారు. నీళ్ళు. గంగులక్క దగ్గరికి పోయి కళ్ళు చిట్లించి, "చివర్న కొంచెం వంకర పోయింది" అంది.

నేను మామాకు సలాం చెబుదామని ఆత్రంగా వంటింట్లోకి అడుగు వేయబోయాను. కింద పరిచిన పిండి సంచి మీద, చీరలా అబాయా ఎత్తి దోపుకుని మామా నిలబడి ఉంది. నా చెప్పుల వైపు వేలు చూపించింది.

నేను చెప్పులు విప్పి పంపు దగ్గరికి నడిచాను.