తొమ్మిది ఒకట్లు

పి.గన్నవరం అక్విడక్టు మీద కాలవలో ఈదుతున్న చేప, కింద గోదాట్లో చేపని "ఏవండీ, కులాసానా?" అని పలకరించడం నా చెవులారా విన్నానని ఓసారి చెబితే, మా బావగారు కళ్లజోడు తుడుచుకుంటూ ఊరుకున్నారు. కథల్లో అబద్ధాలు ఆయన క్షమించేసేవారు. అంకెల్లో మాత్రం ఒప్పుకునేవారు కాదు.

లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. ఏ సంఖ్య కనబడినా కులగోత్రాలు అడిగేవారు. సరా, బేసా? ప్రధాన సంఖ్యా, కాదా? ఎదురొచ్చే బస్సు నంబర్నీ వదిలేవారు కాదు. అలాంటాయన్ని ఉడికించడం బావమరిదిగా నా హక్కు. అందుకే ఓరోజు తొమ్మిది ఒకట్లు వరసగా రాసి చూపించేను.

"పదకొండు కోట్ల పదకొండు లక్షల పదకొండు వేల నూట పదకొండండి. ఎటునుంచి చదివినా ఒకటే. దేనికీ లొంగదు. ప్రధాన సంఖ్య!"

"తప్పు! అంకెలన్నీ కూడవోయ్. తొమ్మిదొచ్చిందా? అయితే తొమ్మిదితో పోతుంది."

భాగించి చూపించేరు. ఒకటి, రెండు, మూడు అంటూ ఏడు దాకా బుద్ధిగా వరసలో వచ్చి, ఆపైన ఏకంగా తొమ్మిది.

"మధ్యలో ఎనిమిది ఏదండీ?"

"భాగహారంలో రాలేదోయ్."

"కాదండి. గోదారి దాటించే పంటు ఎక్కబోయి రేవులో జారిపడింది."

నవ్వాపుకోలేక నన్ను బయటికి పొమ్మన్నారు.

ఈమధ్య ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట ఒక్కటే మిగిలింది, మా గోదారి వాళ్లు మర్యాదగా అవునండీ అనడానికి అనేది: "ఆయ్." అన్నం పెట్టమంటారా అన్నా ఆయ్, వద్దా అన్నా ఆయ్. మా అక్క ఫోన్ చేసింది.

"నువ్వొచ్చి ఆ వెధవ లెక్క మళ్లీ చెప్పరా. 'తప్పు' అన్నారంటే చాలు, మనిషి లోపలున్నట్టే."

వెళ్లేను. మంచం పక్కన కూర్చుని పలక మీద తొమ్మిది ఒకట్లూ రాసేను.

"బావగారూ, ఇది ప్రధాన సంఖ్యండి."

"ఆయ్."

"తొమ్మిదితో పోనే పోదండి."

"ఆయ్."

"అసలిది సరి సంఖ్యండి. రెండుతో శుభ్రంగా పోతుంది."

"ఆయ్," అన్నారు, ఎంతో మర్యాదగా.

నా అబద్ధాల్లో ఒక్కటైనా ఈయన నమ్మితే బాగుణ్ణని ఇన్నేళ్లూ అనుకున్నవాణ్ణి. ఇప్పుడు అన్నీ నమ్మేస్తున్నారు. భాగహారం నేనే చేసేను. ఏడు పక్కన కాస్త చోటు వదిలి తొమ్మిది వేసేను.

"ఎనిమిది ఏమైందండీ?"

ఆ ఖాళీ కేసి చూసేరు. తర్వాత నా మొహంలోకి చూసేరు, నేనే చెబుతానేమోనని. పంటూ రేవూ ఏదీ నా నోటికి రాలేదు.

వంటింట్లోంచి అక్క కేకేసింది.

"ఏవన్నా అన్నారేంట్రా?"

"అన్నారక్కా. తప్పన్నారు."

లోపల గిన్నె పడ్డ చప్పుడు. చేతులనిండా కొబ్బరికోరుతో పరిగెత్తుకొచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"నిజవేనాండీ? అన్నారా?"

"ఆయ్," అన్నారు బావగారు.