జాక్స్ అంటే గోనెసంచి కాదు

జెడ్ ఉన్న మూడక్షరాల ఇంగ్లీషు మాటలు నాకు పాతిక దాకా కంఠతా వచ్చు. ఫోన్‌లో ఒక జాబితా దొరికితే బస్సులో కూర్చుని బట్టీ పట్టాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు గంట ప్రయాణం. ఆ గంటసేపు పక్క సీటామె మన జీతమూ జబ్బులూ ఆరా తీయకుండా ఉండాలంటే పెదవులు కదుపుతూ ఏదో ఒకటి వల్లించడమే మార్గం. స్తోత్రమనుకుని వదిలేస్తారు. అయితే ఆ జాబితాలో మాటలే ఉన్నాయి, అర్థాలు లేవు. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

ఆళ్లగడ్డలో మా అన్న, వదిన ఉంటారు. వదిన పదో తరగతి చదివింది, నేను డిగ్రీ. రెండు వారాలకొక ఆదివారం మేమిద్దరం ఇంగ్లీషు అక్షరాల బిళ్లలతో ఆడతాం. గళ్ల అట్ట మీద బిళ్లలు పేర్చి మాట కట్టాలి, అక్షరాన్ని బట్టి పాయింట్లు. జెడ్‌కు పది. ఎక్కడా ఒక పట్టాన ఇమడదు, ఇమిడితే మాత్రం విలువెక్కువ. మా ఇంట్లో నా లెక్కా అంతేనని వదిన అంటుంది.

మాట పెట్టినవాళ్లు అర్థం చెప్పాలి, చెప్పలేకపోతే బిళ్లలు వెనక్కి తీసుకోవాలి. ఈ నియమం పెట్టింది నేనే. వదినను ఇరికించడానికే పెట్టాను, దాచడమెందుకు? వదిన ఇరుక్కోలేదు. ఒక నోటుబుక్కు తెచ్చి, నేను చెప్పిన ప్రతి అర్థాన్నీ తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టింది.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఒకరోజు జెడ్, ఏ, ఎక్స్ నా చేతికి వచ్చాయి. మూడింతలిచ్చే గడి ఖాళీగా ఉంది. యాభై ఏడు పాయింట్లు. ఠక్కున పెట్టేశాను.

"ఏందీ ఇది?" అంది వదిన.

"జాక్స్."

"అంటే?"

తెలిస్తే కదా! ఎదురుగా గోడకు ఆనించి శనక్కాయల మూట ఉంది.

"పెద్ద గోనెసంచి," అన్నాను.

"ఇంత చిన్న మాటకు అంత పెద్ద సంచా?"

"ఇంగ్లీషోళ్లు పిసినార్లు వదినా. అక్షరాలు గూడా ఊరికే ఖర్చు పెట్టరు."

ఆమె నవ్వి, పుస్తకంలో రాసుకుంది. నేను గెలిచాను. తర్వాత జెక్ వచ్చింది, జో వచ్చింది, ఫెజ్ వచ్చింది. ఒకసారి అలవాటైన నోరు కదా, ఆగలేదు.

పోయిన నెలలో ఆదివారం ఆళ్లగడ్డలోనే ఒక పెళ్లి ఉందని శనివారమే వెళ్లాను. వదిన వాళ్ల వరండాలో వీధి పిల్లలు ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. గోడకు నల్లబల్ల. దాని మీద మా వదిన గుండ్రని అక్షరాల్లో జెడ్ మాటల వరుస. నాలుగోది జాక్స్. పక్కన "పెద్ద గోనెసంచి".

పిల్లలు వెళ్లేదాకా ఆగి అడిగాను. "ఇదెప్పటి నుంచి వదినా?"

"సంవత్సరమాయ. నీకు చెప్తే ఎగతాళి చేస్తావని చెప్పల్యా." తర్వాత గొంతు తగ్గించింది. "ఈ పిల్లోళ్ల బళ్లో ఇంగ్లీషు మేడమ్ సోమవారం రమ్మనింది మే. తరగతిలో నిలబడి ఈ మాటలు చెప్పాల్నంట. పదో తరగతి దాన్ని, నన్ను పిల్చింది!"

చేతిలో నోటుబుక్కును అటూ ఇటూ తిప్పుతోంది. ఊరుకుంటే సోమవారం ఆ మేడమ్ ముందు మా వదిన గోనెసంచి చెబుతుంది. వాదించి గెలవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య, వాదన లేకుండా ఓడిపోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. చెప్పేశాను.

వదిన తిట్టలేదు. తిడితే బాగుండేది. "సోమవారం నవ్వేది నిన్ను గాదు, నన్ను," అంది. నోటుబుక్కు తెరిచి, "అయితే జాక్స్ అంటే ఏంది?" అని అడిగింది.

విడ్డూరమేమిటంటే, అప్పటిదాకా నాకు ఆ ప్రశ్నే పుట్టలేదు. మాటను పాయింట్లుగానే చూశాను. ఇద్దరం ఫోన్ తెరిచాం. పలకరాయిని ఇంటి కప్పుకు సరిపడా చెక్కి, మేకు దిగడానికి బెజ్జం పొడిచే పనిముట్టట. బొమ్మ చూసినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. రాళ్ల సంగతి ఆళ్లగడ్డలో ఉండి ఫోన్‌ను అడగడమేమిటని, హైవే పక్కన విగ్రహాలు చెక్కే ఆయన దగ్గరికి నడిచాం.

ఆయన ఒళ్లంతా రాతిపొడి. నందికి కొమ్ములు తీరుస్తున్నాడు. ఉలి పక్కన పెట్టి బొమ్మను దగ్గరగా చూశాడు.

"మచ్చుకత్తికి ముక్కు మొల్చినట్లుండాదే! మా దగ్గర ఇట్లాటిది ల్యాదమ్మా. దీంతో ఏం చేస్తారు?"

"కప్పు రాయికి బెజ్జం పొడుస్తారంటన్నా," అంది వదిన.

"కప్పుకు మేకులా? మనోళ్లు బండలు పర్చి సున్నం పెడ్తారు. యా దేశమప్పా అది?"

వదిన ఆయనకు వివరించడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు మనం అక్షరాలు దిద్దిన పలక ఉంది చూడు, ఆ రాయేనంటన్నా, దాన్ని రేకులు రేకులుగా చీల్చి ఇంటి మీద పరుస్తారంట అని. ఐదు నిమిషాల కిందట తెలుసుకున్న సంగతిని ఆమె చెబుతుంటే ఆయన నంది కొమ్ము మరిచి విన్నాడు. నేను పక్కన నోరు మూసుకుని నిలబడ్డాను. మా బంధువుల్లో ఎవరు చూసినా నమ్మరు.

ఆ సాయంత్రం నోటుబుక్కు ముందేసుకుని కూర్చున్నాం. నేను చెప్పిన జెడ్ మాటల్లో పదకొండు తప్పు. జెక్ అంటే తొండ అని చెప్పాను, రష్యా చెరలో వెట్టిచాకిరీ చేసిన ఖైదీ అట. జో అంటే జోలపాట అన్నాను, జడలబర్రెకూ ఆవుకూ పుట్టిన సంకరమట. ఒక్కొక్కటి బయటపడే కొద్దీ వదినకు కోపం పోయి ఉత్సాహం వచ్చింది. "మూడక్షరాల్లో ఒక మనిసి జైలుశిచ్చంతా పెట్టినారే!" అని నోటి మీద వేలేసుకుంది.

సోమవారం నన్నూ లాక్కెళ్లింది. వెనక బెంచీలో కూర్చోబెట్టింది. జాక్స్ రాసి, అర్థం చెప్పి, "ముందు నేను గోనెసంచి అని రాసుకున్యా. ఆ యనక కూచ్చున్నామె చెప్పింది," అని సుద్దముక్కతో నా వైపు చూపించింది. తరగతి మొత్తం తిరిగి నన్ను చూసింది. మేడమ్ కూడా.

ముందు వరుసలో ఒక పిల్ల లేచింది. "రాళ్లు విడివిడిగా పరిస్తే వాన నీళ్లు సందుల్లోంచి కారవా టీచర్?"

టీచరని పిలిచింది మా వదినను. ఆమె సుద్దముక్క కింద పెట్టి, "నాకూ తెలీదు పాపా, కనుక్కోని చెప్తా," అంది. తర్వాత నన్ను చూసి, "నీకు తెల్సా మే?" అంది.

"తెలీదు," అన్నాను, అందరికీ వినబడేలా.

కప్పు వాలుగా ఉంటుంది కాబట్టి కారదని వదిన వాదన. చేప పొలుసుల్లా ఒకదాని మీదొకటి ఎక్కిస్తారు కాబట్టి కారదని నాది. బడి నుంచి బస్టాండు దాకా వాదించుకుంటూనే వచ్చాం.