మూడు వరుసల దగ్గర ఆగిన చిట్టా

చేతిలో రేడియో ఉంటే కొండ మీదైనా మనిషి ఒంటరి కాదని అంటారు. అలా అనేవాళ్లు సాధారణంగా ఇంట్లో కూర్చుని ఉంటారు.

ఆస్ట్రేలియా కొండల్లోని ఓమియో అనే ఊళ్లో ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపిన లోర్నా పెట్టిగ్రూ కూడా ఆ మాట నమ్మింది. ఐదు వాట్ల రేడియో, గాలపు కర్రలా సాగే ఆరు మీటర్ల కడ్డీ, దానికి కట్టే తీగ వీపున వేసుకుని కొండలెక్కేది. ఈ సరదా ఉన్నవాళ్ల నియమం ప్రకారం, శిఖరం మీద నుంచి రేడియోలో నలుగురితో మాట్లాడితేనే ఆ ఎక్కడం లెక్కలోకి వస్తుంది. ఒక శిఖరం నుంచైతే రెండుసార్లు ముగ్గురితోనే సరిపెట్టుకుని దిగివచ్చింది.

ఆ జనవరి మధ్యాహ్నం మళ్లీ అదే శిఖరం మీద ముగ్గురయ్యారు. మూడోవాడు దూరాన వాగా పట్నంలో ఉండే ఎనభై ఏళ్ల డెస్మండ్.

"ఏమ్మా లోర్నా, మళ్లీ ఆ దోమ గొంతేనా? నా టీ కెటిల్ నీకన్నా గట్టిగా అరుస్తుంది."

"ఇంట్లో కూర్చుని వంద వాట్లతో ఎవరైనా అరుస్తారు పెద్దాయనా. చేతనైతే కొండెక్కి అరువు."

నాలుగో గొంతు న్యూజిలాండ్ నుంచి, సన్నగా, చిటపటల అడుగున వినబడింది. ఆ గొంతును పట్టుకోవాలని ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు బిగించి, చిటపటలను అణిచే మీట పూర్తిగా తిప్పింది. చిన్న సంకేతాల వెంటపడేవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. చిటపటలు అణిగిపోయాయి. గొంతు తేటపడింది.

ఇంతలో డెస్మండ్ మధ్యలో దూరాడు. "లోర్నా, ఫోన్లో వాతావరణ పటం మీద ఉరుముల మబ్బు చూస్తున్నాను. అది నీ నెత్తి మీదే ఉంది. ఆ తీగ పీకేసి దిగు!"

"ఒక్క నిమిషం, నాలుగోవాడు దొరికాడు."

"నిమిషం లేదే తల్లీ!"

అప్పుడు ఆమె ముంజేతి మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. హెడ్‌ఫోన్లు మెడ మీదికి లాగింది. తల మీద కడ్డీ కందిరీగల తుట్టెలా జుమ్మంటోంది. పడమటి గట్టు కనబడడం లేదు. ఇందాక తాను నోరు మూయించిన చిటపటలు దగ్గరవుతున్న పిడుగులవేనని ఆమెకు అర్థమైంది. హెడ్‌ఫోన్లలో డెస్మండ్ పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. ఆ పిలుపు చెవికి అందుతోంది, చెయ్యి అందదు. ఆ శిఖరం మీద అన్నిటికన్నా ఎత్తైనది ఆ కడ్డీ, దాని తర్వాత ఆమె.

న్యూజిలాండ్ మనిషి రేడియోలో ఆమెకు పేరులా ఉండే గుర్తు అక్షరాలు సరిగ్గా పలికి, జవాబు కోసం ఆగాడు. అతని గొంతు ఎంత బాగా వినబడిందో తెలిపే రెండంకెలు ఆమె చెబితే చాలు, నాలుగు పూర్తవుతాయి. బొటనవేలు మాట్లాడడానికి నొక్కే మీట మీదే ఉంది.

ఆమె మీట నొక్కలేదు. రేడియోను, తీగను, కడ్డీని ఉన్నచోటే వదిలేసి, వంగి, రాళ్ల మీద జారుతూ, పొట్టి చెట్లున్న పల్లానికి దిగి, కాళ్లు దగ్గరగా ముడుచుకుని కూర్చుంది. పావుగంటలో పైన రెండుసార్లు పిడుగు పడింది. ఆమె గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు ఎవరికీ వినబడలేదు.

మర్నాడు డెస్మండ్‌కు ఫోన్ చేసి, బతికే ఉన్నానని చెప్పింది. రేడియోలో మాట్లాడినవాళ్ల పేర్లు రాసుకునే చిట్టాలో ఆ రోజు కింద మూడు పేర్లే రాసింది. లోర్నా ఇప్పటికీ ఐదు వాట్లతోనే కొండలెక్కుతుంది. చిటపటలను అణిచే ఆ మీటను మాత్రం ముట్టుకోదు.